పుప్పొడి సాక్ష్యం: ఆచార్య బీర్బల్ సాహ్నీ జీవితం

లక్నో అనగానే ఈ సంచికలోని ఉర్దూ విభాగాన్ని చదివేవారికి మీర్ తఖీ మీర్, ఆతిష్, నాసిఖ్ వంటి మహాకవులు స్ఫురణకు వస్తారు. అది సహజమే. అదే నగరంలో సుమారు ఇరువది ఎనిమిది సంవత్సరాలపాటు ఒక మహావిద్వాంసుడు రాళ్లను గ్రంథాలవలె చదువుతూ జీవించాడని మన విద్యార్థులలో అధికసంఖ్యాకులకు తెలియదు. వృక్షశాస్త్రం చదివేవారు ఆయన పేరు పాఠ్యపుస్తకంలో ఒకటి రెండు మార్లు చూచి ఉంటారు. మిగిలినవారికి ఆ పాటి పరిచయమైనా ఉండదు. తెలుగు బోధించే మేము ఒక శాస్త్రజ్ఞుని జీవితాన్ని వ్రాయబూనడం కొందరికి వింతగా తోచవచ్చు. కాని సాక్ష్యాన్ని సేకరించడం, దానిని పరీక్షించడం, దాని నుండి నిర్ణయానికి రావడం అన్నవి ఏ ఒక్క శాస్త్రశాఖకో సొంతమైన విద్యలు కావు. ఈ మూడింటిలోని గొప్పతనమూ, ప్రమాదమూ కూడ ఆచార్య బీర్బల్ సాహ్నీ జీవితంలో కనబడినంత స్పష్టంగా మరెక్కడా మాకు కనబడలేదు.

సాహ్నీ 1891 నవంబరు 14వ తేదీన పంజాబులోని భేరా పట్టణంలో జన్మించారు. జీలం నది ఒడ్డున ఉన్న ఆ పట్టణం నేడు పాకిస్తానులో ఉన్నది. నదికి ఆవల కనుచూపు మేరలో ఉప్పుకొండల శ్రేణి సాగుతుంది. ఖేవ్రా గనుల నుండి గులాబి రంగు ఉప్పు శతాబ్దాల తరబడి లోకానికి అందుతున్నది ఆ కొండల నుండియే. బాల్యంలో ఆయన చూచిన ఆ కొండలే జీవిత చరమదశలో ఆయనను ఒక పెద్ద వివాదంలోకి దించాయి. ఆ సంగతి ముందు వివరించెదము.

తండ్రి రుచీరామ్ సాహ్నీ లాహోరు ప్రభుత్వ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించేవారు. ఆయన కేవలం తరగతి గదికి పరిమితమైన అధ్యాపకుడు కాడు. విజ్ఞానశాస్త్ర విషయాలను సామాన్య ప్రజలకు వారి భాషలోనే ఉపన్యాసాలుగా వినిపించి పంజాబులో పేరు గడించిన వ్యక్తి. శాస్త్రం ఇంగ్లీషులో తప్ప ఇమడదని నేటికీ వాదించే పెద్దలు ఈ ముక్కను కొంచెం ఆలకించాలని మా మనవి. సెలవులలో ఆ తండ్రి కుమారులను హిమాలయాలలో కాలినడకన త్రిప్పేవారు. కనుమలు దాటుతూ, హిమానీనదాల మీద నడుస్తూ ఆ పిల్లవాడు మొక్కలను సేకరించడం నేర్చుకున్నాడు. మంచు మీద పెరిగి దానికి ఎర్రని ఛాయనిచ్చే సూక్ష్మమైన నాచును కూడ ఆయన ఆ రోజులలోనే సేకరించినట్లు జీవితచరిత్రకారులు వ్రాశారు. కంటికి ఆనని జీవి ఒక కొండచరియ రంగునే మార్చగలదన్న అనుభవం ఆయన భావిజీవితానికి నాందివంటిది.

లాహోరులో పట్టభద్రులై 1911లో ఇంగ్లండు వెళ్లి కేంబ్రిడ్జిలోని ఇమ్మాన్యుయేల్ కళాశాలలో చేరారు. అచట ప్రసిద్ధ పురావృక్షశాస్త్రజ్ఞుడు ఎ. సి. సీవార్డు ఆయనకు గురువు. ఆ గురుశిష్యులు కలిసి భారతదేశపు గోండ్వానా శిలాజ వృక్షాలను పునఃపరిశీలించి రచించిన గ్రంథం 1920లో వెలువడింది. 1919లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డి.ఎస్‌సి. పట్టం పొంది, స్వదేశానికి తిరిగివచ్చి కాశీలోను, లాహోరులోను కొద్దికాలం పనిచేసి, 1921లో అప్పుడే ప్రారంభమైన లక్నో విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రానికి తొలి ఆచార్యులైనారు. 1920లో సావిత్రీదేవితో వివాహం జరిగింది. ఆమెను గూర్చి చివర మరల చెప్పవలసి ఉన్నది. 1936లో లండన్ రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొన్నది.

శిలాజ వృక్షాలంటే తొలినాళ్లలో ఆకుల అచ్చులు, రాయిగా మారిన మాను ముక్కలు మాత్రమే. రాజమహల్ కొండలలో దొరికిన అటువంటి ముక్కల నుండి, నేడు భూమిపై ఎచ్చటా లేని చెట్ల ఆకృతులను సాహ్నీ పునర్నిర్మించారు. 1932లో ఆయన వర్ణించిన విలియమ్సోనియా సీవార్డియానా అన్న మొక్క పేరులో గురుభక్తి దాగి ఉన్నది. కాని మాను దొరికే చోట్లు తక్కువ. ఆకు నిలవడం కూడ అదృష్టమే. అన్ని పొరలలోను దొరికేదీ, రాయి పిండి అయినా తాను చెడనిదీ వేరొకటి ఉన్నది. అదే పుప్పొడి.

పుప్పొడి రేణువు మిల్లీమీటరులో నూరవ వంతు నుండి పదవ వంతు వరకు ఉంటుంది. ఫెర్నులు, నాచు మొక్కల సిద్ధబీజాలు కూడ దాదాపు ఆ పరిమాణంలోనివే. రేణువు లోపలి జీవపదార్థం త్వరలోనే నశిస్తుంది. వెలుపలి గోడ మాత్రం స్పోరోపొలెనిన్ అనే అతి దృఢమైన పదార్థంతో నిర్మితమైనది. గాలి తగలని బురదలో, చెరువు అడుగున, పీట్ నేలలో అది లక్షల, కోట్ల సంవత్సరాలు నిలువగలదు. రాతిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో వేసినా రాయి కరిగిపోతుంది గాని ఆ గోడ కరగదు. మిగిలిన మడ్డిని గాజుపలక మీద పరచి సూక్ష్మదర్శినితో చూడడమే పద్ధతి. మన కళాశాల విద్యార్థులు మందార పుప్పొడిని సూక్ష్మదర్శిని క్రింద చూచినచో నలువైపుల ముండ్లు గల బంతివలె కనబడుతుంది. గడ్డిజాతులది ఒకే రంధ్రం గల నునుపైన గోళం. దేవదారు జాతులది ఇరువైపుల రెండు గాలితిత్తులు కట్టుకొన్న రేణువు. ఆకృతిని బట్టి వృక్షజాతిని, కొన్నిచోట్ల కుటుంబాన్ని మాత్రమే, గుర్తించవచ్చు. ఒక్కొక్క పొర నుండి కొన్ని వందల రేణువులు లెక్కించి ఏ జాతి ఎంత పాలు ఉన్నదో చూచినచో, ఆ పొర ఏర్పడిన నాటి అడవి ఎట్టిదో, తద్ద్వారా ఆనాటి వాన, చలి ఎట్టివో ఊహింపవచ్చును.

ఊహకు హద్దులున్నాయి. గాలికి వదిలే చెట్లు పుప్పొడిని గుప్పెళ్లతో చల్లుతాయి. తేనెటీగల మీద ఆధారపడే మొక్కలు పొదుపరులు. కొండమీది దేవదారు పుప్పొడి మైదానంలోని చెరువులో పడవచ్చు. కనుక రేణువుల సంఖ్య చెట్ల సంఖ్య కాదు. 1916లో స్వీడను దేశస్థుడు లెన్నార్ట్ వాన్ పోస్ట్ ఈ లెక్కింపును ఒక శాస్త్రపద్ధతిగా క్రిస్టియానియా నగరపు సభలో ప్రకటించాడు. పాలినాలజీ అన్న పేరును 1944లో హైడ్, విలియమ్స్ అనే ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు కల్పించారు. చిలకరించుట అన్న అర్థం గల గ్రీకు ధాతువు దానికి మూలం. పరాగశాస్త్రం అని మనం పిలుచుకోవచ్చు. పేరు పుట్టక మునుపే లక్నోలో సాహ్నీ, ఆయన శిష్యులు ఆ పని ప్రారంభించారు.

వారి తొలి ఫలితాలలో ఒకటి మిక్కిలి రమ్యమైనది. సుమారు ముప్పది కోట్ల సంవత్సరాల క్రితం గోండ్వానా మహాఖండం మీద విశాలమైన హిమానీనదాలు కదలాడాయి. ఆ మంచు మోసుకువచ్చి వదలిన గండశిలల పొర మన దేశంలో తాల్చీర్ పొరగా ప్రసిద్ధం. ఆ కాలంలో జీవం ఉండి ఉండదని పలువురి భావన. సాహ్నీ ప్రయోగశాలలో చిన్నా విర్కి అనే పరిశోధకురాలు భారతదేశంలోను, ఆస్ట్రేలియాలోను ఆ కాలపు శిలల నుండి రెక్కలు గల సిద్ధబీజాలను వెలికితీసి 1937లో ప్రకటించారు. హిమానీనదాల చెంతనే చెట్లు బ్రతికినవన్న మాట! ఇంతటి దూరంలో ఉన్న రెండు ఖండాలలో ఒకే తీరు రేణువులు దొరకడం, ఆ ఖండాలు ఒకప్పుడు కలిసి ఉండేవన్న వెగెనర్ సిద్ధాంతానికి బలం చేకూర్చేదే. ఆ సిద్ధాంతాన్ని భూగర్భశాస్త్రజ్ఞులనేకులు పరిహసించే రోజులలోనే సాహ్నీ దానిని వృక్షశిలాజాల వెలుగులో సాదరంగా చర్చించారు.

దక్కను లావా శిలల వయస్సు ఆయనను ఆకర్షించిన మరొక సమస్య. మన హైదరాబాదు పడమటి వైపు నుండి మహారాష్ట్రమంతటా వ్యాపించిన నల్లరాతి పొరల మధ్య, లావా ప్రవాహాల విరామకాలంలో ఏర్పడిన చెరువుల బురద చిక్కుకొని ఉన్నది. చింద్వాడా జిల్లాలోని ఆ బురదరాళ్లలో అజోలా అనే నీటిఫెర్ను, నీపా అనే తాటిజాతి కాయలు దొరికాయి. నీపా నేడు సుందర్‌బన్స్ వంటి ఆటుపోట్ల బురదనేలలలో పెరిగే చెట్టు. సముద్రానికి వందల మైళ్ల దూరంలో ఉన్న మధ్యభారతంలో ఒకప్పుడు ఉప్పునీటి పాయ ఉండేదనడానికి అదొక సాక్ష్యం. మన రాజమండ్రి సమీపాన కాతేరు వద్ద లావా పొరల మధ్య దొరికిన కేరా జాతి నీటిమొక్కల శిలాజాలను శ్రీపాదరావు, నారాయణరావు గారలు వర్ణించారు. అవి కూడ సాహ్నీ వాదానికి అక్కరకు వచ్చాయి. ఈ సాక్ష్యాలన్నిటినీ కూర్చి, ఆ లావా క్రెటేషియస్ యుగానిది కాదు, తదనంతరపు టెర్షియరీ యుగానిదేనని 1940లో మద్రాసులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసు అధ్యక్షోపన్యాసంలో ఆయన ప్రతిపాదించారు. నేటి అణుగణనలు ఆ లావా రెండు యుగాల సంధిలో, సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం, ఉభయపార్శ్వాలను ఆక్రమించి వెలువడినదని నిర్ణయించాయి. తరువాతి వారు కొన్ని లావామధ్య పొరలలో క్రెటేషియస్ యుగపు విలక్షణ పుప్పొడిని గుర్తించారు. అనగా సాహ్నీ చెప్పినది సగం నిజమైనది. మిగిలిన సగాన్ని ఆయన ఆదరించిన శాస్త్రమే దిద్దినది.

కాశ్మీరులోని కరేవా అనే సరస్సు బురదమేటలు ఎత్తైన పీర్ పంజాల్ కొండలపై కూడ కనబడతాయి. వాటిలోని వృక్షావశేషాలను బట్టి, మానవుడు భూమిపై అవతరించిన పిదప కూడ హిమాలయం పైకి లేచినదని 1936లో సాహ్నీ వ్రాశారు. పర్వతం లేస్తే వానగాలి దారి మారుతుంది, అడవి మారుతుంది, మనుష్యుల రాకపోకలు మారతాయి. ఇట్లు ఒక రాలిన ఆకు నుండి మానవచరిత్ర వరకు ఆయన ఆలోచన సాగేది.

ఇక ఉప్పుకొండల వివాదం. ఖేవ్రా ఉప్పు మీద ఊదారంగు ఇసుకరాయి, దాని పైన కేంబ్రియన్ యుగపు ట్రైలోబైటు శిలాజాలు గల పొరలు ఉన్నాయి. క్రిందిది ముందుది అన్న సామాన్యసూత్రం ప్రకారం ఉప్పు వయస్సు 50 కోట్ల సంవత్సరాలకు మించాలి. అయితే భూమి ఒత్తిడికి పాత పొరలు కొత్త పొరల మీదికి జారి ఉండవచ్చునని, ఉప్పు నిజానికి సుమారు 5 కోట్ల సంవత్సరాల నాటి ఇయోసీన్ యుగానిదని మరొక పక్షం వాదించేది. సమీపాన కోహాట్ ప్రాంతపు ఉప్పు ఇయోసీన్ కాలానిదే కావడం వారికి ఊతమిచ్చినది. ఎవరి వద్దా నిర్ణాయకమైన శిలాజం లేదు. ఉప్పులో శిలాజం ఉంటుందని ఎవరు అనుకొంటారు!

సాహ్నీ అనుకొన్నారు. ఉప్పు స్ఫటికాలను నీటిలో కరిగించి, అడుగున మిగిలిన మడ్డిని సూక్ష్మదర్శిని క్రింద పరిశీలించారు. ఆయన తీసుకొన్న జాగ్రత్తలు సామాన్యమైనవి కావు. బయటి ధూళి చేరరాదని అడుగడుగునా శ్రద్ధ వహించారు. ఫలితం ఆశ్చర్యకరం. పూలమొక్కల మాను పీచులు, ఆకుల పైపొరల తునకలు, కీటకాల అవయవాలు కనబడ్డాయి. ఉప్పుతోబాటు ఉన్న నూనెరాతిలోను, డోలమైటులోను అవే. పూలమొక్కలు కేంబ్రియన్ యుగంలో పుట్టనైనా లేదు. కావున ఉప్పు ఇయోసీన్ కాలానిది. 1944, 1945 సంవత్సరాలలో ఈ ఒక్క ప్రశ్న మీద రెండు విద్వత్సభలు జరిగాయి. భూగర్భశాస్త్రజ్ఞులు క్షేత్రంలోని పొరల క్రమాన్ని చూపారు. సాహ్నీ గాజుపలకను చూపారు. కరిగి, కదలి, మరల గట్టిపడే స్వభావం గల ఉప్పులోనికి పైనుండి జారిన నీటితో ఈ తునకలు వచ్చి ఉండవచ్చునని ప్రతిపక్షం అన్నది. నూనెరాయి, డోలమైటు అట్లు కరగవు గదా అని సాహ్నీ సమాధానం.

నేడు ఆ ప్రశ్న తీరినది. ఖేవ్రా ఉప్పు కేంబ్రియన్ యుగారంభానికో, అంతకు పూర్వానికో చెందినదని అందరూ అంగీకరించినారు. కొండ జారిన మాట కూడ నిజమే. కాని జారినది ఆ ఉప్పునే మెత్తని పరుపుగా చేసికొని, దాని మీదనే. సాహ్నీ చూచిన తునకలు నిజమైనవే. వాటిని ఆయన గుర్తించిన తీరూ సరియైనదే. అవి ఆ ఉప్పు పుట్టినప్పటివి కావు, అంతే. న్యాయస్థానంలో సాక్షి అబద్ధమాడకపోయినా, సంఘటన జరిగిన నాడు అతడు ఆ ఊరిలో లేకపోవచ్చును.

ఈ వృత్తాంతాన్ని స్మారక సంచికలలో కొందరు దాటవేయడం మేము గమనించాము. పెద్దవారి పొరపాటును చెప్పడం అమర్యాద అని వారి అభిప్రాయం కావచ్చు. మాకు అట్లు తోచదు. ఆ తగవు పుణ్యమా అని, పరాగశాస్త్రంలో రేణువు ఏమిటి అన్న ప్రశ్నతో సమానంగా రేణువు ఇచటికి ఎట్లు వచ్చినది అన్న ప్రశ్న కూడ అడగవలసినదేనని మన దేశంలో బాగుగా రూఢమైనది. నేడు పరిశోధకులు ఖాళీ గాజుపలకను కూడ ప్రక్కన ఉంచి, గదిలోని ధూళి దాని మీద ఎంత పడినదో చూస్తారు. సాహ్నీ తన వాదాన్ని మొండిగా నిలిపినారన్న విమర్శ ఉన్నది; అది కొంత నిజమే. అయినా ప్రతిపక్షులను సభకు పిలిచి, తన పలకలను వారి ముందుంచి వాదించిన మనిషి ఆయన.

ఆయనకు నాణేలన్నా ప్రీతియే. రోహ్తక్ వద్ద ఖోక్రాకోట్ దిబ్బలో 1936లో యౌధేయుల నాణేల మట్టి అచ్చులు ఆయనకు దొరికాయి. వాటిని పరిశీలించి ప్రాచీన భారతంలో నాణేలు పోతపోసిన విధానాన్ని గూర్చి 1945లో వెలువరించిన గ్రంథానికి నాణేల శాస్త్రజ్ఞుల సంఘం పతకం లభించినది. మట్టి అచ్చు నుండి నాణేన్ని, రాతి అచ్చు నుండి ఆకును ఊహించడం ఒకే విద్య కదా!

1946లో లక్నోలో పురావృక్షశాస్త్ర సంస్థ ఏర్పడినది. సాహ్నీ దంపతులు తమ గ్రంథాలను, శిలాజ సంపదను, కూడబెట్టిన ధనాన్ని దానికి ధారపోశారు. 1947లో దేశం విడిపోయినది. పుట్టిన భేరా, చదివిన లాహోరు, వాదులాడిన ఉప్పుకొండలు సరిహద్దుకు ఆవల ఉండిపోయాయి. ఆ సంవత్సరమే విద్యామంత్రి మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ఆయనను తమ శాఖకు కార్యదర్శిగా రమ్మని ఆహ్వానించారు. మౌలానా పిలుపును కాదనడం ఎంత కష్టమో మన పాఠకులు ఊహించగలరు. ఐనా సాహ్నీ సవినయంగా నిరాకరించి తన సంస్థ పనిలోనే నిలిచారు. 1948లో భారతదేశంలో పరాగశాస్త్ర భవిష్యత్తును గూర్చి స్వీడను దేశపు వృక్షశాస్త్ర పత్రికలో వ్యాసం వ్రాశారు.

1949 ఏప్రిల్ 3వ తేదీన ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ సంస్థ భవనానికి శంకుస్థాపన కావించారు. దేశదేశాల శిలాజాలను పొదిగిన ఆ శంకుశిలను సాహ్నీయే రూపొందించారు. సరిగా వారం గడిచినది. ఏప్రిల్ 10న హృద్రోగంతో ఆయన అస్తమించారు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలు. మరుసటి సంవత్సరం స్టాక్‌హోంలో జరగవలసిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభకు ఆయన అధ్యక్షులుగా ఎన్నికై ఉన్నారు.

భవనం లేదు, ధనం లేదు, నాయకుడు లేడు. సావిత్రీదేవి శాస్త్రజ్ఞురాలు కారు. అయినప్పటికీ సంస్థ బాధ్యతను ఆమె తలకెత్తుకొన్నారు. 1953 జనవరిలో నెహ్రూయే మరల వచ్చి పూర్తయిన భవనాన్ని ప్రారంభించారు. ఆ శంకుశిల వెనుక ఒక సంస్థ నిలిచినదంటే ఆ ఘనతలో అధికభాగం ఆమెదేనని మా అభిప్రాయం. సాహ్నీని గూర్చి వ్రాసేవారు ఆమెకు ఒక్క వాక్యం కేటాయించి ఊరకుంటారు. అది న్యాయం కాదు.

ఆ సంస్థలో పనిచేసిన గురుదీప్ సింగ్ రాజస్థానులోని సాంభర్, డీడ్వానా, లూణ్‌కరణ్‌సర్ ఉప్పు సరస్సుల బురదలోని పుప్పొడిని లెక్కించి, నేటి ఎడారిలో ఒకప్పుడు ఇంతకంటె మంచి వానలు పడేవని, ఆ వానలు తగ్గడానికీ సింధునాగరికత క్షీణతకూ సంబంధం ఉన్నదని 1970 దశకం తొలినాళ్లలో ప్రతిపాదించారు. 1999లో ఇతర పరిశోధకులు లూణ్‌కరణ్‌సర్ సరస్సు ఆ నాగరికత ఉచ్ఛదశకు పూర్వమే ఎండిపోయినదని చూపి ఆ సంబంధాన్ని ప్రశ్నించారు. ఆ చర్చ ఆగలేదు. మన గోదావరి లోయ బొగ్గుక్షేత్రంలో లోతైన రంధ్రాలు త్రవ్వి తీసిన రాతికడ్డీలు కూడ లక్నో చేరాయి. క్రింది పొరలలో చుట్టూ ఒకే గాలితిత్తి గల రేణువులు, పైకి వచ్చేకొలది చారలు గల రెండు తిత్తుల రేణువులు దొరుకుతాయి. చలి తగ్గి, గ్లాసోప్టెరిస్ అడవులు దట్టమై, సింగరేణి బొగ్గుగా మారిన క్రమం వాటిలో ఉన్నది. ఏ పొర ఏ కాలానిదో ఆ రేణువులను చూచి చెబుతారు; చెప్పేముందు ఖాళీ పలకను కూడ ఒకసారి చూస్తారు.